మంటకు ఎంత దూరంలో నిలబడాలి?



ఉస్మానియా విశ్వవిద్యాలయం ల్యాబుల్లో, తార్నాక ఆఫీసుల్లో, మా వార్డుల్లో గోడకు ఎర్ర సిలిండర్లు కనిపిస్తాయి. వాటి మూతులు వేర్వేరుగా ఉంటాయి, గమనించారా?

తోట పైపు చివర బొటనవేలితో నొక్కితే నీళ్లు దూరంగా పడతాయి. నీళ్ల సిలిండర్ నాజిల్ కూడా అంతే. సన్నని రంధ్రం వల్ల ధార సుమారు 6 మీటర్లు చేరుతుంది. కాగితం, కర్ర, గుడ్డలు అంటుకుంటే దూరం నుంచే ఆర్పవచ్చు. కాని అదే ధార కాగే నూనె మీద పడితే మంట చిమ్మి మన మీదికే వస్తుంది. కరెంటు మంటపై కొడితే షాక్ తగలవచ్చు.

కరెంటు పరికరాలకు కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ వాడాలి. దాని కొమ్ము వెడల్పుగా ఉంటుంది, గ్యాసు సుమారు 2 మీటర్లే చేరుతుంది. ఒకసారి శిక్షణలో మాలో ఒకరు కంగారులో ఆ కొమ్మునే పట్టుకున్నారు. గడ్డకట్టే చలికి అరచేయి కమిలింది. పిడినే పట్టుకోవాలని ఆ రోజు అందరం నేర్చుకున్నాం.

విజయవాడలో కోవిడ్ రోగులున్న స్వర్ణ ప్యాలెస్ హోటల్‌లో 2020 ఆగస్టు 9న మంటలు లేచి 10 మంది మరణించారు. అందుకే ఈ మాటలు.

గుర్తుంచుకోండి:
• బయటికి పోయే దారి మీ వెనుక ఉండాలి.
• ధార మంట మొదట్లో పడాలి, పైన కాదు.
• వంటనూనె అంటుకుంటే స్టవ్ ఆపి మూత పెట్టండి.
• మంట పెద్దదైతే బయటికి వచ్చి 101కి ఫోన్ చేయండి.
• కాలిన చోట 20 నిమిషాలు కుళాయి నీళ్లు పోయండి. పేస్టు, సిరా రాయకండి.

ప్రభువు మీ ఇంటిని కాపాడును గాక.