పదములను విడదీసి నేర్చుట



పరభాషను నేర్వగోరువానికి మొదటి భయము పదభారము. వేలకొలది పదములను విడివిడిగా కంఠస్థము చేయుట యెట్లు? మా గురువులు చెప్పిన ఉపాయమొక్కటే: సమాసమునకు విగ్రహము చెప్పి చూడుమనిరి. అగ్నియు పర్వతమును ఎరిగిన బాలునకు అగ్నిపర్వతమును వేరుగా నేర్పనక్కరలేదు.

జపాను భాషకును ఇదే మార్గము. అగ్నిపర్వతమును వారు 'కజాన్' అందురు. నిప్పు గుర్తును, కొండ గుర్తును పక్కపక్కన వ్రాయుదురు. అయితే ఒక చిక్కు గలదు. విడిగా నిప్పు 'హి', కొండ 'యామా'. ఇట్టి సమాసములలో అవి చైనానుండి వచ్చిన 'క', 'సాన్' అను రూపములను దాల్చును. అందు 'సాన్' మన గసడదవాదేశము వంటి మార్పుచే 'జాన్' అయినది. ఈ రెండవ రూపము తెలిసినచో, కొండ నెక్కుట యను 'తొజాన్' కూడ సులభముగా పట్టుబడును.

ఇది మనకు వింత కాదు. తెలుగున మూడు 'ము' అగును: ముక్కంటి, ముమ్మారు. రెండు 'ఇరు' అగును: ఇరువది.

మన కొండలలోని సవరభాషలోను ఇట్లే కలదు. పులి విడిగా 'కినా', సమాసమున 'కిద్'. కుక్క విడిగా 'కిన్సోద్', సమాసమున 'సోద్'. ఈ భాషలో నామము క్రియలోనికే చొచ్చును. 'ఞమ్‌కిద్‌తమ్' అను ఒక్క మాటకు 'పులి నిన్ను పట్టును' అని యర్థము. 'ఞమ్' పట్టుట, 'కిద్' పులి, చివర కాలమును, 'నిన్ను' అనుటయు. 'కినా' మాత్రమే నేర్చినవాడు ఆ హెచ్చరికను వినియు పులి యని గ్రహింపజాలడు!

నేను బడిపంతులుగా నున్న దినములలో, ఒక సవర బాలుని మాట విని, అది వ్యాకరణము లేని భాషయని తరగతిలో అంటిని. వాడు తల వంచుకొనెను. పిమ్మట గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి గ్రంథములు చూచితిని. శ్రీకాకుళము చెంత పర్వతాలపేటలో 1863లో జన్మించిన ఆయన, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి సవరలవలన వారి భాష నేర్చి, 1931లో దాని వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. గ్రాంథికమును వీడని నాకు పంతులుగారి వ్యావహారికవాదముతో పేచీ కలదు. ఈ గ్రంథముల యెదుట మాత్రము తల వంచుట నావంతయినది. అప్పటికి ఆ బాలుడు బడి విడిచిపోయెను.

కావున విద్యార్థులారా, ఏ భాష నేర్చినను ప్రతి పదమునకు ఒంటి రూపమును, సమాసరూపమును ప్రక్కప్రక్కన వ్రాసికొనుడు. విడదీయుటకు తెలియనంత మాత్రమున ఏ భాషనైనను వ్యాకరణహీన మనకుడు.