నరం నిద్రపోతే జింక నిలబడుతుంది

రోడ్డు దాటుతుంటే బండి గుద్దో, ఊరకుక్కలు తరిమి కరిచో, కంచెలో ఇరుక్కునో, సాటి మగజింకతో కొమ్ములు కలిపి పోరాడో తెలంగాణ రాష్ట్ర జంతువైన చుక్కల జింకల తలకు గాయాలవుతాయి. అలా గాయపడ్డ జింకకు పశువైద్యుడు కుట్లు వేయబోయే వేళకు, గాయం కన్నా పెద్ద ముప్పు ఒకటి పొంచి ఉంటుంది. అది భయం.

పట్టుబడ్డ జింక ప్రాణభయంతో పెనుగులాడుతుంది. కండరాలకు ఆక్సిజన్ చాలక లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. ఒళ్లు కాలిపోతుంది. కండరకణాలు చితికి, వాటిలోని మయోగ్లోబిన్ రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. దీన్ని క్యాప్చర్ మయోపతి అంటారు. గాయం చిన్నదే అయినా జింక కొన్ని గంటల్లోనో, కొన్ని రోజులకో చనిపోవడానికి ఇది కారణం కావచ్చు.

పోనీ గాఢమైన మత్తు ఇచ్చి పడుకోబెడదామంటే మరో చిక్కు. జింక నెమరువేసే జంతువు. మత్తులో త్రేన్పులు ఆగిపోయి పొట్ట ఉబ్బుతుంది, ఊపిరితిత్తులను నొక్కుతుంది. పొట్టలోని మేత గొంతులోకి ఎగదన్ని శ్వాసనాళంలో పడే ప్రమాదమూ ఉంది. మత్తు ఎంత గాఢమైతే, ఎంతసేపు ఉంటే ముప్పు అంత ఎక్కువ.

అందుకే వైద్యులు మధ్యేమార్గం ఎంచుకుంటారు. జైలజీన్ వంటి మందుతో జింకను మగతలో ఉంచి, కళ్లకు గుడ్డ కట్టి, ఛాతీ నేలకు ఆనేలా కూర్చోబెడతారు. మెడ ఎత్తుగా, మూతి కిందికి ఉండేలా చూస్తారు. ఆపైన గాయం నుంచి నొప్పిని మోసే నరాన్ని మాత్రం మొద్దుబారుస్తారు. నొప్పి తెలియని జింకను కదలకుండా ఉంచడానికి గాఢమైన మత్తు అక్కర్లేదు. పని ముగిశాక యోహింబిన్ వంటి విరుగుడు ఇస్తే త్వరగా లేచి నిలబడుతుంది.

పన్ను పీకే ముందు మన చిగుళ్లకు దంతవైద్యుడు ఇచ్చే సూదిలో ఉండే మందే ఇక్కడా పనిచేస్తుంది. పేరు లిగ్నోకైన్. 1943లో స్వీడన్‌లో నిల్స్ లాఫ్‌గ్రెన్ తయారుచేశాడు. నరం పొరలోని సూక్ష్మద్వారాల గుండా సోడియం అయాన్లు లోపలికి దూసుకొస్తేనే నొప్పి సంకేతం ముందుకు సాగుతుంది. లిగ్నోకైన్ ఆ పొరను దాటి, ద్వారాలను లోపలి నుంచి మూసేస్తుంది. కబురు మెదడుకు చేరదు.

మరి గాయంలోనే సూది వేయవచ్చు కదా? అడవి జంతువు సాధారణంగా ఆలస్యంగా దొరుకుతుంది. అప్పటికి పుండు చీముపట్టి, పురుగులు పడి ఉంటుంది. వాచి చీముపట్టిన చోట ఆమ్లగుణం ఎక్కువ. అక్కడ లిగ్నోకైన్ అణువుల్లో ఎక్కువ భాగం విద్యుదావేశం పొంది నరం పొరను దాటలేవు. గాయానికి దూరంగా, ఆరోగ్యంగా ఉన్న చోట నరాన్ని పట్టుకుంటే మందు బాగా పనిచేస్తుంది. పైగా ఒక్క సూదితో విశాలమైన భాగం మొద్దుబారుతుంది.

ముఖంలో నొప్పిని మోసేది ప్రధానంగా ట్రైజెమినల్ నరం. దాని కొమ్మలు పుర్రె ఎముకలోని చిన్న రంధ్రాల గుండా బయటికొస్తాయి. పైదవడ తొలి దవడపళ్లకు కాస్త పైన వేలితో తడిమితే ఒక రంధ్రం తగులుతుంది. అక్కడ మందు వేస్తే పై పెదవి, ముక్కు పక్కభాగం మొద్దుబారతాయి. గడ్డం దగ్గరి రంధ్రం వద్ద వేస్తే కింది పెదవి మొద్దుబారుతుంది. కొమ్ము మొదలుకు కంటి వెనక అంచు నుంచీ, లోపలి అంచు నుంచీ వేర్వేరు కొమ్మలు వెళతాయి కాబట్టి రెండింటినీ పట్టుకోవాలి, లేదా కొమ్ము మొదలు చుట్టూ వలయంలా మందు ఎక్కించాలి.

కొమ్ము ఏ దశలో ఉందో చూడటమూ ముఖ్యం. ముదిరిన కొమ్ముకు స్పర్శ ఉండదు. పెరుగుతున్న కొమ్ము మాత్రం నూగుచర్మంతో, నిండా నరాలూ రక్తనాళాలతో ఉంటుంది. అది విరిగితే విపరీతమైన నొప్పి, రక్తస్రావం. చుక్కల జింకల్లో ఏ నెలలోనైనా ఈ రెండు దశల మగజింకలూ కనిపిస్తాయి.

మోతాదులో చిన్న పొరపాటూ ప్రమాదమే. కిలోకు 5 మిల్లీగ్రాముల లెక్కన 40 కిలోల జింకకు 200 మిల్లీగ్రాములు, అంటే 2 శాతం మందు 10 మిల్లీలీటర్లే. మించినా, నేరుగా రక్తనాళంలోకి వెళ్లినా మూర్ఛలు రావచ్చు, గుండె ఆగవచ్చు. అందుకే సూది దించాక పిస్టన్ వెనక్కి లాగి, రక్తం రాలేదని చూసుకున్నాకే మందు నెడతారు.

గంటా రెండు గంటల్లో తిమ్మిరి వదిలాక నొప్పి తిరిగొస్తుంది. దానికి మెలాక్సికామ్ అనే నొప్పి మందు మేలు. ఎందుకంటే ఈ జింక రేపు అడవిలో చనిపోతే కళేబరాన్ని రాబందులు తినవచ్చు. రాబందులను పొట్టనపెట్టుకున్న మరో నొప్పి మందు డైక్లోఫెనాక్‌ను పశువైద్యంలో మన దేశం 2006లోనే నిషేధించింది. మెలాక్సికామ్ వాటికి హాని చేయదు.

గాయపడ్డ జింక మీ కంటపడితే వెంటపడకండి, చుట్టూ మూగకండి, నీళ్లు తాగించబోకండి. కుక్కలను దూరంగా తోలి, అటవీశాఖకు కబురు చేయండి. వైద్యుడు వచ్చేలోగా దాని భయాన్ని పెంచకుండా ఉండటమే మనం చేయగల తొలి వైద్యం.