ఇరుకు స్థలమున చల్లని యిల్లు

పట్టణమున స్థలము కొన్న కుమారుడు ఇంటి పటమును తెచ్చి మీ యెదుట పఱచినపుడు మీరు మొదట చూచునది సింహద్వారము, పిమ్మట వంటయిల్లు. వానితోబాటు మఱియొక ప్రశ్న వేయవలసియున్నది: "నాయనా, ఈ యింటిలోనికి గాలి యెటు వచ్చును? ఎటు పోవును?"

పల్లెలోని యింటికి నాలుగు వైపుల నుండియు గాలి తగులును. 13 అడుగుల వెడల్పు, 66 అడుగుల పొడవుగల పట్టణపు స్థలమున నట్లు కాదు. నేడు ప్రక్కగోడకు కిటికీ పెట్టినను, పొరుగువారు మేడ కట్టిననాడు అది మూతపడును. కావున అట్టి యింటికి నిజముగా మిగులునవి మూడే: వీథివైపు, పెరటివైపు, పైనున్న ఆకాశము.

గోదావరి సీమలోని మండువా లోగిలిని మీరెఱుగుదురు. వేడెక్కిన గాలి తేలికయై నడిమి మండువా గుండ పైకి పోవును. దానిచోటికి క్రిందినుండి చల్లని గాలి చేరును. ఇరుకు స్థలమునందును ఈ సూత్రమే పనిచేయును. మెట్ల ప్రక్క చిన్న మండువాను విడిచిన చాలును. "ఉన్న తొంబదియైదు గజములలో కొంత వ్యర్థమగునే" యని కుమారుడనవచ్చును. పట్టపగలు దీపము వెలిగించి, రాత్రియంతయు యంత్రముతో గది చల్లబఱచుకొనుటకంటె అది పెద్ద నష్టము కాదు.

వియత్నాము దేశమున సైగాన్ నగరములో, సరిగా ఇట్టి కొలతలుగల స్థలముననే, 2011లో వో ట్రోంగ్ నియా మొదలగు వాస్తుశిల్పులొక యిల్లు కట్టిరి. ముందు, వెనుక గోడలకు బదులు కాంక్రీటు తొట్లను వరుసలుగా పేర్చి మొక్కలు పెంచిరి. ఆకులు ఎండను, దుమ్మును ఆపును. సందులనుండి గాలి వచ్చును.

ఇక గోడల మాట. కేరళమున లారీ బేకరు ప్రచారము చేసిన పద్ధతిలో ఇటుకలను అంచుపై నిలిపి, నడుమ బోలుగా కట్టుదురు. ఇటుకలలో సుమారు నాలుగవవంతు మిగులును. ఆ బోలు వేడిని లోనికి త్వరగా రానీయదు. మిద్దెకు తెల్లని పూత వేసినచో ఎండ వెనుకకు మరలిపోవును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించుటకు కారణమిదియే. అరువది చదరపు మీటర్ల మిద్దెపై అంగుళము వాన కురిసిన సుమారు 1,500 లీటర్ల నీరగును. దానిని కాలువపాలు చేయక తొట్టికిగాని, ఇంకుడుగుంతకుగాని మరల్పవలయును.

ఒక్క హెచ్చరిక. వడగాలి వీచు మధ్యాహ్నము కిటికీలు మూసి, ప్రొద్దుగూకి గాలి చల్లబడిన పిదప తెఱవవలయును. ఇల్లెంత చక్కగా కట్టినను ఈ యలవాటు లేనిదే ఫలము దక్కదు.

ముహూర్తము నిశ్చయించుటకు ముందు గాలి దారిని పటముపై వ్రేలితో చూపుమని కుమారునడుగుడు. ఆ వ్రేలు గోడకు తగులక వీథినుండి పెరటికి, నేలనుండి ఆకాశమునకు పోవలయును. రేపు వేసవిలో మనుమల ప్రక్కన మీరు పరుండవలసిన యిల్లు అదియే గదా!