మూకచిత్రము నుండి వాక్చిత్రమునకు: శ్రీ పైడి జైరాజ్ తొలి జీవితము, నటనా ప్రస్థానము

ప్రస్తావన

చంద్రపురమునందలి తెలుగు కుటుంబములలో పెక్కింటికి కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములతో బంధుత్వము గలదు. బొగ్గుగనులలో పనికై వచ్చినవారును, బల్లార్పురము కాగితపు మిల్లులో కొలువునకు చేరినవారును, వర్తకమునకై వచ్చి ఇచ్చటనే నిలిచినవారును మనలో గలరు. 1982లో గడచిరోలి జిల్లా వేరుపడువరకు సిరోంచ తాలూకా మన జిల్లాలోనిదే. అచ్చట గోదావరి దాటినచో పాత కరీంనగరము జిల్లాయే. కావున కరీంనగరమున పుట్టి, బొంబాయిలో స్థిరపడి, మూకచిత్రముల నాటినుండి చలనచిత్ర రంగమున పేరు నిలుపుకొనిన శ్రీ పైడి జైరాజ్ చరిత్ర మనకు దూరపుది కాదు.

ఈ విషయమును ఎన్నుకొనుటకు వేరొక కారణము కూడ గలదు. నేను తెలుగు బోధించు తరగతిలో ఒకనాడు జైరాజ్ గారిని గూర్చి చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, "సార్, ఆయనకు అన్నము పెట్టినది హిందీ గదా, మరి తెలుగు దేనికి?" అని అడిగెను. ఆ ప్రశ్న అవినయముతో అడిగినది కాదు. పిల్లలను ఏ మాధ్యమమున చదివింపవలెనని ఇంటింట జరుగు చర్చయే ఆ బాలుని నోట పలికినది. ఆనాడు నేనిచ్చిన సమాధానము నాకే తృప్తి నీయలేదు. జైరాజ్ గారి తొలి జీవితమును కొంత సావధానముగ పరిశీలించిన పిమ్మట నాకు తోచిన సమాధానమును ఈ వ్యాసమున మనవి చేయుచున్నాను.

కరీంనగరము, హైదరాబాదు

జైరాజ్ గారు 1909వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన, నాటి నిజాము రాజ్యమునందలి కరీంనగరమున జన్మించిరి. ఆయన పూర్తి పేరు పైడిపాటి జైరుల నాయుడు. శ్రీమతి సరోజినీ నాయుడు గారి కుటుంబముతో వీరికి బంధుత్వము కలదనియు, ఆమెకు జైరాజ్ గారు మేనల్లుని వరుస యనియు చెప్పుదురు.

ఆయన ఉన్నత విద్య హైదరాబాదునందలి నిజాం కళాశాలలో జరిగెను. ఆ కళాశాల ఆనాడు మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమై యుండెను. బోధన ఆంగ్లమున సాగుచుండెను. రాజ్యమున కచేరీల భాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముగ వెలసినదే. ఇక ఇంటిభాష తెలుగు. కావున నాటి హైదరాబాదులో చదువుకొనిన తెలుగు యువకునకు ఇంట నొక భాష, వీధిలోను కచేరీలోను ఒక భాష, కళాశాలలో మరియొక భాష అనుట వింత గాదు. మన చంద్రపురము పిల్లలకు తెలుగు, మరాఠీ, హిందీ, ఆంగ్లము ఎట్లో, వారికి అవి అట్లే.

ఇందు తెలుగు స్థానము మాత్రము గౌరవప్రదముగ లేకుండెను. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని ప్రాంగణమున మహర్షి కర్వే అధ్యక్షతన జరిగిన సంఘసంస్కార సభలో శ్రీ ఆలంపల్లి వెంకటరామారావు తెలుగున మాటాడబోగా, సభికులలో కొందరు గేలిచేసి ఆయనను మాటాడనీయకుండిరి. ఆ రాత్రియే శ్రీ మాడపాటి హనుమంతరావు మొదలగువారు కూడి ఆంధ్ర జనసంఘమును స్థాపించిరి. అప్పటికి జైరాజ్ గారు పండ్రెండేండ్ల బాలుడు. ఆయన పెరిగిన కాలమున తెలుగు తన యింటనే నిలువ నీడకై పోరాడుచుండెనని తెలియుటకే ఈ సంగతి చెప్పితిని.

బొంబాయి ప్రయాణము

చిత్రములలో చేరగోరు హైదరాబాదు యువకునకు సొంత నగరమున అవకాశము లేకపోయెను. వంగదేశీయుడగు శ్రీ ధీరేంద్రనాథ్ గంగూలీ 1922 ప్రాంతమున అచ్చట లోటస్ ఫిలిం కంపెనీని నెలకొల్పి కొన్ని చిత్రములు తీసెను. కాని 1924లో 'రజియా బేగం' అను చిత్రము నిజాము ఆగ్రహమునకు గురికాగా ఆయన హైదరాబాదును విడువవలసి వచ్చెను. మద్రాసులో శ్రీ రఘుపతి వెంకయ్యయు, ఆయన కుమారుడు ప్రకాశును కలిసి 1921లోనే 'భీష్మ ప్రతిజ్ఞ' అను మూకచిత్రమును నిర్మించి యుండిరి. అయినను ఆ కాలమున చిత్రనిర్మాణమునకు పెద్ద కేంద్రము బొంబాయియే.

జైరాజ్ గారికి సీమకు పోయి పై చదువులు చదువవలెనని కోరిక యుండెననియు, అది నెరవేరకపోగా ఇల్లు విడిచి బొంబాయి చేరిరనియు చెప్పుదురు. అది 1929వ సంవత్సరము. ఆయన వయస్సు ఇరువది సంవత్సరములు. అదే సంవత్సరము కాజీపేట–బల్హార్షా రైలుమార్గము పూర్తియై, మన ప్రాంతము తెలుగు నాడుతో నేరుగ కలిసినది. ఆయన వచ్చినది ఈ దారిని కాకపోవచ్చును. కాని మన పెద్దలు పనికై ఉత్తరమునకు కదలిన తరమును, ఆయన తరమును ఒక్కటేయని గ్రహింపవలెను.

మూకచిత్రముల రీతి

నేటి పాఠకులకు మూకచిత్రముల పద్ధతి కొంత చెప్పుట అవసరము. వానిలో సంభాషణ వినబడదు. కథ నడుమ అచ్చటచ్చట వ్రాతపలకలు తెరపై కనబడుచుండెను. ఒకే పలకపై రెండు మూడు భాషలలో వాక్యములు వ్రాయుట గలదు. చదువురానివారికై చదివి చెప్పువారును, తెరకు ముందు కూర్చుండి హార్మోనియము, తబల వాయించువారును ఉండెడివారు. నటుడు ఏ ప్రాంతమువాడైనను, ఏ యాసతో మాటాడువాడైనను ప్రేక్షకునకు తెలియు మార్గము లేదు. కావలసినది ముఖమున భావము, శరీరమున చురుకుదనము. గుఱ్ఱపుస్వారి, కత్తిసాము, ఎత్తులనుండి దుముకుట మొదలగు సాహసములు ఆనాటి చిత్రములకు ప్రాణము.

జైరాజ్ గారు దృఢకాయులు, సుముఖులు. 1929లో 'జగ్‌మగ్‌తీ జవానీ' అను చిత్రమున సహాయపాత్రతో ఆయన తెరకు పరిచితులైరి. తరువాత 'రసీలీ రాణీ'లో నాయకపాత్ర లభించెను. ఇట్లు మూకచిత్రములు సుమారు పదకొండింటిలో నటించిరి. కరీంనగరపు తెలుగు యువకునకు బొంబాయి తెర ఇంత సులభముగ తెరచుకొనుటకు ఆ తెర మూగదగుటయు ఒక కారణమని నా భావము.

వాక్కు వచ్చిన వేళ

1931 మార్చి 14న శ్రీ అర్దేషిర్ ఇరానీ నిర్మించిన 'ఆలం ఆరా' బొంబాయిలో విడుదలయ్యెను. భారతదేశమున మాటాడిన మొదటి చిత్రమది. అంతటితో నటుల స్థితి తారుమారయ్యెను. అప్పటి శబ్దగ్రహణ విధానమున మైకును ఎచ్చటనో మరుగుపరచి, దాని చేరువనే నిలిచి నటుడు స్పష్టముగ పలుకవలెను. నేపథ్యగానము 1935లో గాని రాలేదు. కావున పాటయున్నచో నటుడే పాడవలెను. అన్నిటికంటె ముఖ్యము హిందూస్థానీ ఉచ్చారణ. మూకచిత్రములలో మహారాణివలె వెలిగిన సులోచన (అసలు పేరు రూబీ మయర్స్) సైతము హిందూస్థానీ బాగుగ రానందున కొంతకాలము విరమించి, భాష నేర్చుకొని మరల తెరకు రావలసి వచ్చెను. అట్లు తిరిగి రాలేక మరుగుపడిన నటులు ఎందరో.

ఈ పరీక్షలో జైరాజ్ గారు నెగ్గిరి. 1932లో 'షికారీ' చిత్రముతో ఆయన వాక్చిత్రములలో ప్రవేశించిరి. హైదరాబాదు వాసము వలన ఉర్దూ ఆయనకు పరాయి భాష కాదు. బొంబాయికి వచ్చిన పిమ్మట అవసరమునకై తడవుకొని నేర్చినది కాదు. బాల్యమునుండి చెవిని పడినది. అది తెలుగును తొలగించి వచ్చినది కాదు, తెలుగు ప్రక్కన చేరినది. మా తరగతిలోని బాలుని ప్రశ్నకు సమాధానము ఇచ్చటనే గలదు.

అదే కాలమున అదే నగరమున మరియొక విశేషము జరిగెను. శ్రీ హెచ్.ఎమ్. రెడ్డి తెలుగు నాటక సమాజమువారిని బొంబాయికి రప్పించి, తెలుగు వాక్చిత్రములలో మొదటిదగు 'భక్త ప్రహ్లాద'ను తీసిరి. అది 1932 ఫిబ్రవరి 6న విడుదలయ్యెను. ఏలూరు సమీపమునందలి సోమవరప్పాడులో 1908లో జన్మించిన శ్రీ ఎల్.వి. ప్రసాద్ 'ఆలం ఆరా', 'కాళిదాస్', 'భక్త ప్రహ్లాద' మూడింటను చిన్న పాత్రలు ధరించిరి. జైరాజ్, ప్రసాద్ ఇరువురును సమవయస్కులు, ఇరువురును ఇల్లు వదలి బొంబాయి చేరినవారు. ప్రసాద్ గారు దక్షిణమునకు మరలి తెలుగు చిత్రములకు దర్శకులైరి; జైరాజ్ గారు బొంబాయిలోనే నిలిచిరి.

నాయకుడు, దర్శకుడు

1934లో శ్రీ హిమాంశు రాయ్ స్థాపించిన బాంబే టాకీస్ ఆనాటి ఉత్తమ సంస్థలలో నొకటి. ఆ సంస్థవారి 'భాభీ' (1938)లో జైరాజ్ గారు నాయకులు. దేవికారాణి నటించిన చివరి చిత్రము 'హమారీ బాత్' (1943)లోను ఆయనయే నాయకపాత్రధారి. రెండేండ్లకు అదే సంస్థకై 'ప్రతిమా' (1945) అను చిత్రమునకు దర్శకత్వము వహించిరి. అందలి నాయకుడు అప్పుడప్పుడే రంగమునకు వచ్చిన దిలీప్ కుమార్. ఆయనకది రెండవ చిత్రము. ఒక మహానటుని తొలి అడుగులను దిద్దిన దర్శకులలో కరీంనగరపు బిడ్డ ఒకడని మన పిల్లలకు తెలియవలెను.

తరువాతి కాలమున చారిత్రక వీరుల పాత్రలకు జైరాజ్ గారి పేరు పర్యాయపదమయ్యెను. 'హాతిమ్‌తాయ్' (1956), 'టిప్పు సుల్తాన్' (1959), 'వీర్ దుర్గాదాస్' (1960), 'చంద్రశేఖర్ ఆజాద్' (1963) వీనిలో ముఖ్యములు. అరబ్బు కథలోని దాతగను, మైసూరు నవాబుగను, రాజపుత్ర యోధునిగను, ఉత్తర హిందూస్థానపు విప్లవవీరునిగను ఒక తెలుగువాడే ప్రేక్షకులను ఒప్పించెను. మూకచిత్రములనాడు అభ్యసించిన దేహపటుత్వము, హైదరాబాదు ఇచ్చిన వాక్కు, ఈ రెండును ఇచ్చట ఏకమైనవి.

సముద్రముల కావలి చిత్రములు

అమెరికా దర్శకుడగు మార్క్ రాబ్సన్ గాంధీ మహాత్ముని హత్యను కథావస్తువుగ తీసికొని 'నైన్ అవర్స్ టు రామా' (1963) అను చిత్రమును తీసెను. అందు జైరాజ్ గారు శ్రీ ఘనశ్యామదాస్ బిర్లా పాత్రను ధరించిరి. ఆ చిత్రము భారతదేశమున నిషేధింపబడెను. మరి మూడేండ్లకు భారతదేశపు అడవులు, ఏనుగులు కథావస్తువుగా అమెరికాలోని ఎమ్.జి.ఎమ్. సంస్థ విడుదల చేసిన 'మాయా' (1966)లోను ఆయన నటించిరి. నిజాం కళాశాలలోని ఆంగ్ల బోధనము ఈ చిత్రములనాడు అక్కరకు వచ్చియుండునని ఊహింపవచ్చును.

వయస్సు పైబడిన పిదప ఆయన 'షోలే' (1975), 'డాన్' (1978) మొదలగు చిత్రములలో చిన్న పాత్రలను సైతము సంకోచింపక స్వీకరించిరి. 1980వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము ఆయనకు లభించెను. అంతకు పూర్వము 1974 సంవత్సరమునకు శ్రీ బి.ఎన్. రెడ్డియు, తరువాత 1982 సంవత్సరమునకు శ్రీ ఎల్.వి. ప్రసాద్‌ను ఆ గౌరవమునందిరి. తక్కిన యిరువురి పేర్లు తెలుగిండ్లలో వినబడును. జైరాజ్ పేరు వినబడుట అరుదు. ఆయన కీర్తికి ఆధారమైన చిత్రములలో తెలుగు చిత్రమొకటియు లేకపోవుటయే దీనికి హేతువు. 2000వ సంవత్సరము ఆగస్టు 11న ఆయన ముంబయిలో కీర్తిశేషులైరి.

ఉపసంహారము

ఇప్పుడు ఆ బాలుని ప్రశ్నకు వత్తము. జైరాజ్ గారికి అన్నము పెట్టినది హిందూస్థానీయే. దానిని కాదనుట సత్యదూరము. ఉపాధ్యాయుడనగుటచే తెలుగు వలననే సర్వము సిద్ధించునని పిల్లలకు బోధించినచో వారు నమ్మరు, నమ్మరాదు కూడ. కాని ఆయన హిందూస్థానీ నేర్చుటకు తెలుగు అడ్డురాలేదు. తెలుగింట పుట్టి, ఉర్దూ వీధిలో పెరిగి, ఆంగ్లమున చదివిన బాలుడే మూడు భాషల బలముతో బొంబాయిలో నిలిచెను. మన పిల్లలు మరాఠీ, హిందీ, ఆంగ్లములను చక్కగ నేర్వవలెను. అందులకు తెలుగును వెలగా చెల్లింపవలసిన పని లేదు.

రెండవ మాట. తెరపై ఆయన పేరు కేవలము 'జైరాజ్'. ఆ పేరులో ఊరు లేదు, భాష లేదు. ఆయన చిత్రములను చూచిన లక్షలాది జనులకు ఆయన కరీంనగరమువాడని తెలియ నవసరము లేకపోయెను. ఆ సంగతిని జ్ఞప్తియందుంచుకొనవలసినది మనము. అందులకు తెలుగు చదువగలవారు, వ్రాయగలవారు మనలో మిగులవలెను. బొంబాయి చేరిన ఒక నటుని విషయమే ఇట్లుండగా, గనులలోను మిల్లులలోను జీవితములు గడపిన మన తాతల చరిత్రల గతి యేమి?

నేను ఈ వ్యాసము వ్రాయ మొదలిడిన పిమ్మట మా తరగతి పిల్లలకు ఒక పని యప్పగించితిని. ఇంటిలోని పెద్దలను అడిగి, ఏ యూరినుండి, ఏ సంవత్సరమున, ఏ పనికై ఇచ్చటికి వచ్చిరో ఒక పుట తెలుగున వ్రాసి తెమ్మంటిని. నన్ను ప్రశ్నించిన బాలుడు రెండు పుటలు వ్రాసి తెచ్చెను. తప్పులు గలవు; దిద్దితిని. మన సంఘ సభ్యులును తమ తమ యిండ్లలో ఈ పనికి పూనుకొందురని ఆశించుచు విరమించుచున్నాను.