వార్తల్లో పదం: నెట్ న్యూట్రాలిటీ

టెక్సాస్‌లోని కాపెల్‌లో ఓ తెలుగింటి నుంచి ఏలూరులోని అమ్మకు వీడియో కాల్ వెళ్లినా, పక్కగదిలో పిల్లలు సినిమా చూస్తున్నా, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ రెండింటినీ ఒకేలా చేరవేయాలి. ఒకదాన్ని ఆపడం, ఇంకోదాన్ని నెమ్మదింపజేయడం, డబ్బు పుచ్చుకుని మరోదాన్ని ముందుకు పంపడం కూడదు. ఇదే నెట్ న్యూట్రాలిటీ. 2003లో న్యాయశాస్త్ర ఆచార్యుడు టిమ్ వూ ఈ మాటను వాడుకలోకి తెచ్చారు.

కంపెనీలు అలా చేస్తాయన్న భయం ఊహ కాదు. 2012లో డాలస్ కేంద్రంగా నడిచే ఏటీ అండ్ టీ, మొబైల్ డేటాపై ఫేస్‌టైమ్ కాల్స్‌ను కొన్ని ప్లాన్లవారికే పరిమితం చేసింది. విమర్శలు వచ్చాక సడలించింది. అమెరికా సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2015లో బ్రాడ్‌బ్యాండ్‌ను టెలిఫోన్ తరహా సేవగా గుర్తించి కట్టడి పెట్టింది. అజిత్ పాయ్ ఛైర్మన్‌గా ఉండగా 2017లో దాన్ని ఎత్తేసింది. 2024లో మళ్లీ తెచ్చింది. ఎఫ్‌సీసీకి ఆ అధికారం లేదంటూ 2025 జనవరి 2న ఆరో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు కొట్టేసింది. అయితే కాలిఫోర్నియాకు సొంత నెట్ న్యూట్రాలిటీ చట్టముంది.

కట్టడి ఎక్కువైతే కొత్త కేబుళ్లకు పెట్టుబడి తగ్గుతుందని కంపెనీల వాదన. వినదగ్గదే. కానీ వీధికి ఒకటో రెండో కంపెనీలున్నచోట, నచ్చకపోతే మారేదెక్కడికి? వెబ్‌సైట్‌ను బట్టి డేటా రేటు మార్చడాన్ని భారత టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016 ఫిబ్రవరిలోనే నిషేధించింది. దాంతో కొన్ని వెబ్‌సైట్లనే ఉచితంగా చూపే ఫ్రీ బేసిక్స్‌ను ఫేస్‌బుక్ భారత్‌లో మానుకుంది.