ఉంగరాల జుట్టు కావాలా? ముందు మీ జుట్టు సంగతి చూడండి!

"పిన్నీ, పెళ్లికి ముందు జుట్టు రింగులు తిప్పించుకుందామనుకుంటున్నా. ఏ పెర్మ్ మంచిది?" అని ఫోన్‌లో అడిగింది మా అక్క కూతురు. పెళ్లికింకా ఇరవై రోజులే ఉంది. ఎవరో సినిమా తార ఫొటో కూడా దాచుకుందట. "ఫొటో సంగతి తర్వాత. ఈ మధ్య తలకి ఏమేం పెట్టావో చెప్పు" అన్నాను. అలా అడగడానికి కారణముంది.

ఎనిమిదేళ్ల క్రితం నేనూ ఇలాగే ముచ్చటపడి ఓ పార్లర్‌కి వెళ్లాను. అంతకు నెల ముందే బజార్లో కొన్న నల్ల హెన్నా పొడి పెట్టుకున్నానని వాళ్లకి చెప్పలేదు. వాళ్లూ అడగలేదు. రోలర్లు విప్పుతుంటే వెంట్రుకలు తెగి వాళ్ల చేతికొచ్చాయి. నడుము దాకా ఉన్న జడ కాస్తా భుజాల మీదికొచ్చింది. చిన్నప్పట్నుంచీ కుంకుడుకాయ రసంతో తలంటి పెంచిన అమ్మ, చూసి ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

అసలేం జరుగుతుందంటే, వెంట్రుకకి ఆకారాన్నిచ్చేవి అందులోని గంధకపు బంధాలు. పెర్మ్‌లో మొదటి మందు ఆ బంధాల్ని సడలిస్తుంది. రోలర్ చుట్టూ జుట్టు ఒంపు తిరిగాక రెండో మందు వాటిని మళ్లీ ముడి వేస్తుంది. ఈ రెండో మందు సాధారణంగా హైడ్రోజన్ పెరాక్సైడ్. కొన్ని నల్ల హెన్నా పొడుల్లో ఉండే లోహ లవణాలు దీనితో కలిస్తే వేడి పుడుతుంది, జుట్టు పెళుసై తెగిపోతుంది.

ఏది ఎవరికి?

కోల్డ్ పెర్మ్: వేడి అక్కర్లేదు. మందు ఘాటుగా ఉంటుంది. ఒత్తుగా, మొండిగా ఉండే జుట్టుకి నప్పుతుంది. రింగులు గట్టిగా పడతాయి.

యాసిడ్ పెర్మ్: కొంచెం నెమ్మదైన మందు, వేడి కావాలి. సన్నని, నాజూకు జుట్టుకి మేలు. రింగులు మెత్తగా వస్తాయి. అయితే కొందరికి ఈ మందు పడక చర్మం మీద దద్దుర్లొస్తాయి.

డిజిటల్ పెర్మ్: జపాన్, కొరియాల్లో బాగా ఆదరణ పొందిన పద్ధతి. వేడెక్కే రాడ్లతో చేస్తారు. జుట్టు ఆరాక పెద్ద పెద్ద ఒంపులు అందంగా కనిపిస్తాయి. గంటల తరబడి కూర్చోవాలి, ఖర్చూ ఎక్కువే.

రింగు సైజు రోలర్ సైజుని బట్టి ఉంటుంది. లావు రోలర్లతో చేసే బాడీ వేవ్‌లో అలల్లాంటి ఒంపులొస్తాయి. పొడుగు జుట్టుని రాడ్లకి నిలువుగా చుట్టే స్పైరల్‌లో స్ప్రింగుల్లాంటి రింగులు దిగుతాయి. రింగులు పడితే జుట్టు పొట్టిగా కనిపిస్తుందని మర్చిపోకండి.

వెళ్లే ముందు...

హెన్నా, రంగు, స్ట్రెయిటెనింగ్... ఏది చేయించుకున్నా దాచకుండా చెప్పండి. చెవి వెనుక కాస్త మందు రాసి రెండు రోజులు ఆగమనండి. లోపలి పాయ ఒకదానికి పెట్టి చూడమనండి. ఇందుకు ఒప్పుకోని పార్లర్‌కి దణ్ణం పెట్టి వచ్చేయండి. తలపై పుండ్లు, దురద ఉంటే వద్దు. గర్భవతులు డాక్టర్ని అడగాల్సిందే. చేయించుకున్నాక రెండు రోజులు తలస్నానం చేయకండి, జడ బిగించకండి. పెద్ద పళ్ల దువ్వెనే వాడండి. జుట్టు నెలకి దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి, ఆర్నెల్లయ్యేసరికి కుదుళ్ల దగ్గర మళ్లీ పాత జుట్టే కనిపిస్తుంది.

ఇంతకీ మా అమ్మాయి కిందటేడే జుట్టు స్ట్రెయిటెనింగ్ చేయించుకుందట! "ఒకసారి మందు తిన్న జుట్టుకి మళ్లీ మందా? వద్దే తల్లీ" అన్నాను. పైగా పెళ్లిపీటల మీద ఎలాగూ సవరం, పూలజడ. వాటి కింద రింగులెవరు చూస్తారు? అలిగింది గానీ విన్నది.

రిసెప్షన్ ముందు రాత్రి, కాస్త తడిగా ఉన్న జుట్టుని పాయలు తీసి పదహారు సన్నజడలు అల్లాను. పొద్దున బాగా ఆరాక విప్పితే తలంతా అలలే. "ఏ పార్లర్‌లో చేయించావే?" అని స్నేహితురాళ్లు ఒకటే అడగడం! అది నా వైపు చూసి నవ్వింది. మూడో రోజు తలస్నానంతో ఆ అలలు పోయాయి. జుట్టు మాత్రం భద్రంగా ఉంది.