ఇనుప గొట్టం ఎప్పుడు ఆయుధమవుతుంది?

ఉత్తర చెన్నైలో లేత్ షెడ్లకు కొదవ లేదు. పంపు షాఫ్టులు, లారీ బుష్షులు, ప్రెస్సుల రోలర్లు వాటికి నిత్యం వచ్చే పనులు. తొండియార్‌పేటలోని అలాంటి ఒక షెడ్డుకు ఎవరో కాగితం మీద గీసిన బొమ్మ తెచ్చాడనుకుందాం. ఇంత పొడవు ఉక్కు గొట్టం కావాలి, లోపల ఇంత బోరు ఉండాలి. లేత్ మేస్త్రికి అది మరో జాబ్ వర్క్ మాత్రమే. అయితే ఆ గొట్టం తుపాకీ బ్యారెల్‌గా ఉద్దేశించినదైతే, చక్‌లో బిగించిన ఉక్కు ముక్క చట్టం దృష్టిలో ఆయుధం కిందికి వస్తుంది. చేయించుకున్నవాడికే కాదు, చేసినవాడికీ లైసెన్సు ఉండి తీరాలి.

తుపాకీకి లైసెన్సు కావాలని అందరికీ తెలుసు. విడిభాగానికి కూడా కావాలంటే చాలామంది నమ్మరు. 1959 నాటి ఆయుధాల చట్టం రెండో సెక్షన్‌లో ‘ఆయుధాలు’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే వాటి భాగాలూ, వాటిని తయారుచేసే యంత్రాలూ ఉన్నాయి. ‘ఫైర్ ఆర్మ్’ నిర్వచనం ఇంకో అడుగు ముందుకు వేసి, పేలుడు శబ్దాన్ని గానీ మంటను గానీ తగ్గించే ఉపకరణాన్ని కూడా కలుపుకుంది. కాబట్టి మూడో సెక్షన్ ప్రకారం తుపాకీ కలిగి ఉండటానికి కావలసిన లైసెన్సే దాని భాగానికీ కావాలి. ఐదో సెక్షన్ ప్రకారం తయారీ, అమ్మకం, మరమ్మతు, మార్పిడి, పరీక్ష అన్నిటికీ విడిగా లైసెన్సు ఉండాలి. 2019 సవరణ తర్వాత ఐదో సెక్షన్‌ను ఉల్లంఘిస్తే పడే కనీస శిక్ష 7 ఏళ్ల జైలు, గరిష్ఠం యావజ్జీవం. అంతకుముందు ఇది 3 నుంచి 7 ఏళ్లు ఉండేది.

మరి స్క్రూ సంగతేమిటి? స్ప్రింగు? చెక్క పిడి? ఇక్కడే చట్టం తెలివి కనిపిస్తుంది. 45వ సెక్షన్ కొన్ని మినహాయింపులు ఇస్తూ, ఆయుధాల చిన్న భాగాలను ఆ జాబితాలో చేర్చింది. షరతు ఒక్కటే: ఆ మనిషి దగ్గర గానీ, మరెవరి దగ్గర గానీ ఉన్న పూరక భాగాలతో కలిపి వాడే ఉద్దేశం ఉండకూడదు. ‘మరెవరి దగ్గర గానీ’ అన్న ఆ కొస గమనించదగినది. ముగ్గురు మనుషులు తలా ఒక ముక్క దాచుకుని ఎవరికి వారు ‘నా దగ్గర తుపాకీ లేదు’ అనే ఎత్తును అది ముందే కట్టేసింది. అయితే ‘చిన్న భాగం’ అంటే ఏమిటో రెండో సెక్షన్ నిర్వచనాల్లో లేదు. దాన్ని లోపమని నేననను. భాగం ఎంత చిన్నదన్నది కొలబద్దతో తేలే సంగతి కాదు, అది చేసే పనితో తేలుతుంది.

ఆ పని ఏమిటో భౌతికశాస్త్రం చెబుతుంది. ట్రిగ్గర్ నొక్కగానే ఫైరింగ్ పిన్ ప్రైమర్‌ను కొడుతుంది. మందు మండి వాయువవుతుంది. మూసి ఉన్న చాంబర్‌లో పీడనం సెకనులో వెయ్యోవంతు లోపలే సాధారణ షాట్‌గన్‌లో కొన్ని వందల అట్మాస్ఫియర్లకు, పెద్ద రైఫిల్‌లో మూడు వేలకు పైగా ఎగబాకుతుంది. దాన్ని నాలుగు వైపులా ఆపి, ఒక్క వైపు మాత్రమే దారి ఇచ్చేవి బ్యారెల్, చాంబర్, వెనక తలుపులా మూసే బోల్టు, వీటన్నిటినీ పట్టి ఉంచే ఫ్రేమ్. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా మిగిలినది ఇనుమే. 2001లో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ ఆమోదించిన ఆయుధాల ప్రోటోకాల్ కూడా ‘భాగాలు’ అన్నప్పుడు పేరు పెట్టి చెప్పినవి ఇంచుమించు ఇవే: బ్యారెల్, ఫ్రేమ్, స్లైడ్, సిలిండర్, బోల్టు. బ్రిటన్, యూరప్ చట్టాలదీ ఇదే దారి. అమెరికా దారి వేరు. అక్కడి ఫెడరల్ చట్టం 1968 నుంచి ఫ్రేమ్‌ను లేదా రిసీవర్‌ను మాత్రమే తుపాకీగా లెక్కిస్తుంది. టెక్సస్‌లో ఉన్న మన తెలుగు కుర్రాడు మామూలు రైఫిల్ బ్యారెల్‌ను పోస్టులో ఇంటికి తెప్పించుకోవచ్చు. అదే బ్యారెల్‌ను బాబాయికి కానుకగా సూట్‌కేసులో పెట్టుకుని మీనంబాకంలో దిగితే, అది చట్టం లెక్కలో తుపాకీ దిగుమతే.

పార్సిల్‌లో వస్తే? రాజాజీ సాలైలోని కస్టమ్స్ హౌస్ వాడే టారిఫ్ పుస్తకంలో 93వ అధ్యాయం ఆయుధాలది. అందులో 9305 శీర్షిక భాగాలకూ ఉపకరణాలకూ కేటాయించారు. స్క్రూలు, స్ప్రింగులు వంటి ‘సాధారణ వినియోగ భాగాల’ను ఆ అధ్యాయం బయట పెట్టింది, అవి మామూలు లోహపు సరుకుల్లోకి పోతాయి. తుపాకీకి బిగించే దూరదర్శిని విడిగా వస్తే 90వ అధ్యాయంలో, కళ్లజోళ్లూ సూక్ష్మదర్శినులూ ఉన్న చోట కూర్చుంటుంది. తుపాకీకి బిగించి వస్తే మాత్రం దానితోపాటే 93లో పడుతుంది. ఈ వర్గీకరణ తేల్చేది సుంకం సంగతే. ఆయుధాల చట్టం అడిగే ప్రశ్నలు దీంతో తీరవు.

నంబరు లేని భాగానికి ఇంకో చిక్కు ఉంది. ఎనిమిదో సెక్షన్ ప్రకారం తయారీదారు పేరు, సంఖ్య వంటి గుర్తులు లేని తుపాకీని అమ్మకూడదు, చేతులు మార్చకూడదు. గుర్తు చెరిపేసిన తుపాకీ ఎవరి దగ్గర దొరికితే, చెరిపింది వాళ్లేనని కోర్టు ముందుగానే భావిస్తుంది. కాదని నిరూపించుకునే భారం వాళ్లదే. ఆకురాయితో రుద్దితే నంబరు పోతుందనుకోవడం కూడా భ్రమ. అచ్చు గుద్దినప్పుడు ఆ దెబ్బ పైపొరతో ఆగదు. అంకె కింద ఉన్న లోహపు స్ఫటికాలు నలిగి, చుట్టుపక్కల లోహం కన్నా గట్టిపడి, ఒత్తిడిలో ఉండిపోతాయి. పైన నున్నగా కనిపించే చోట తగిన ఆమ్ల ద్రావణం పూస్తే నలిగిన లోహం మిగతా దానికన్నా వేరే వేగంతో కరుగుతుంది, అంకె నీడలా తేలుతుంది. మద్రాసులో 1849లోనే రసాయన పరీక్షకుల శాఖ మొదలైంది. ఈ విద్యకు మన నగరంలో అంత పాత పునాది ఉంది.

సక్రమంగా కొనదలచుకున్నవారికి దారి సూటిగానే ఉంటుంది, కాస్త ఓపిక కావాలి. తొండియార్‌పేట వాసికి లైసెన్సు ఇచ్చే అధికారి చెన్నై పోలీసు కమిషనర్, కార్యాలయం వేపేరిలో. లైసెన్సు ఐదేళ్లు చెల్లుతుంది. ఒకరి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు, 2019కి ముందు మూడు ఉండేవి. అరిగిన భాగం మార్పించాలంటే లైసెన్సున్న డీలరు దగ్గరికే వెళ్లాలి. వీధి చివరి లేత్ మేస్త్రి ఎంత పనిమంతుడైనా దీనికి పనికిరాడు. బ్యారెల్‌ను పొట్టిగా కోయించాలన్నా ఆరో సెక్షన్ కింద వేరే అనుమతి కావాలి. లైసెన్సున్న మనిషి తన తుపాకీని అర్హుడైన మరొకరికి అమ్మదలిస్తే, జిల్లా మేజిస్ట్రేటుకో దగ్గరి స్టేషన్ అధికారికో రాతపూర్వకంగా తెలిపి కనీసం 45 రోజులు ఆగాలి.

ఎయిర్‌గన్ విషయంలో 2016 ఆయుధ నియమాలు గీతను అంకెలతోనే గీశాయి. గుళిక శక్తి 20 జౌళ్లు గానీ, బోరు 0.177 అంగుళం గానీ దాటితే లైసెన్సు కావాలి. అర గ్రాము గుళిక సెకనుకు 200 మీటర్ల వేగంతో బయలుదేరితే దాని శక్తి 10 జౌళ్లు. వేగం 283 మీటర్లకు చేరితే 20 అవుతుంది. శక్తి వేగపు వర్గంతో పెరుగుతుంది కనుక, వేగాన్ని ఒకటిన్నర రెట్లకు కాస్త తక్కువగా పెంచినా చాలు. చెన్నైలో పుట్టి హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో వాడేదీ 0.177 బోరే, శక్తి సాధారణంగా 8 జౌళ్ల లోపే. అదే ఎయిర్‌గన్‌కు ఎవరైనా మరింత బలమైన స్ప్రింగు బిగించి గీత దాటిస్తే, కొన్ననాడు లైసెన్సు అక్కరలేని వస్తువు ఆ క్షణం నుంచి లైసెన్సు కావలసిన వస్తువు.

ఇంకొక్క సంగతి ఇళ్లలో తరచూ మరుగున పడుతుంది. మరమ్మతులో తీసేసిన పాత బ్యారెల్ కూడా, ఇంకా పనికొచ్చే స్థితిలో ఉంటే, తుపాకీ భాగమే. మరమ్మతు చేసినా పేలని వాటికి మాత్రమే 45వ సెక్షన్‌లో వేరే మినహాయింపు ఉంది. ఆ బ్యారెల్‌ను పాత ఇనుప సామాన్ల వాడికి కిలోల లెక్కన తూకం వేసి ఇచ్చేస్తే, చట్టం దాన్ని లైసెన్సు లేని అమ్మకంగానే చూస్తుంది.